లయ తప్పిన గుండె – పేరు తప్పిన మందు

మా పెద్దక్కయ్యది జనగామ. చిన్ననాట కీళ్లవాతపు జ్వరం వచ్చి, దాని మూలంగా గుండె కవాటం ఒకటి దెబ్బతిన్నది. ఏభై ఏళ్లు దాటిన తర్వాత గుండె లయ తప్పింది. పట్నంలో పరీక్షించిన వైద్యులు మూడు రకాల మాత్రలు రాశారు. వాటిలో ఒకదానిని చూపి, “ఇది రక్తాన్ని పలచన చేసే మందు, జీవితాంతం వాడాలి” అని చెప్పి పంపారు. ఆ మాట అక్కయ్య మనస్సులో ముల్లులా దిగబడింది. “ఏం తమ్మీ, నాకు మొదలే ఒంట్ల రక్తం తక్కువున్నదంటిరి. ఉన్న నెత్తురును గూడ పల్సగ జేస్తే మనిషి నిలవడ్తదా?” అని నన్ను అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. చదువుకున్నవాణ్ణి, నాలుగు వైద్య గ్రంథాలు తిరగేసినవాణ్ణి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన రోజున నవ్వి ఊరుకున్నాను.

అక్కయ్య తక్కిన రెండు మాత్రలూ వేళ తప్పకుండా వేసుకున్నది. ఆ ఒక్క మాత్రను మాత్రం డబ్బాలోనే ఉంచింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు గడిచాయి. ఒకనాటి తెల్లవారుజామున మంచం మీద నుండి లేవబోయి లేవలేకపోయింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది.

ఆనాటి నుండి నన్ను ఒక ఆలోచన వదలడం లేదు. అక్కయ్యను దెబ్బ తీసింది రోగం ఒక్కటే కాదు, మందుకు మనం పెట్టుకున్న పేరు కూడా. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అదే.

మూడు ఊళ్లు, మూడు అభిప్రాయాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు వరకు ఉమ్మడి వరంగల్లు జిల్లాలోనివే. మా బంధువర్గమంతా ఈ మూడు ప్రాంతాలలోనే ఉన్నది. అక్కయ్య సంగతి తర్వాత, గుండె లయ తప్పిన వారు ఎక్కడ తటస్థపడినా ఆ మాత్ర గురించి అడగడం నాకు అలవాటైంది. వారి నుండి ముఖ్యంగా మూడు అభిప్రాయాలు వినవచ్చాయి.

మొదటిది జనగామలో అక్కయ్య చెప్పినదే: “రక్తం పలచనైతే బలం పోతుంది.” రెండవది మానుకోటలో కిరాణా దుకాణం నడిపే ఒక పెద్దమనిషి చెప్పినది: “దడ తగ్గింది, ఆయాసం లేదు, ఇంకా మాత్ర ఎందుకు?” మూడవది భూపాలపల్లిలో సింగరేణి కొలువు నుండి విశ్రాంతి పొందిన ఒకాయన చెప్పినది: “అది ఎలుకల మందటండీ. మా అబ్బాయి ఫోనులో చూసి చెప్పాడు. అందుకే అది మాని మద్దిచెక్క కషాయం మొదలుపెట్టాను.”

ఈ ముగ్గురిలో ఎవరూ మూర్ఖులు కారు. ముగ్గురికీ తమ ఆరోగ్యం పట్ల శ్రద్ధ ఉన్నది. తమకు చెప్పిన మాటను బట్టి, తమకు తెలిసిన మేరకు సవ్యంగానే ఆలోచించారు. వారికి అందిన మాటలోనే లోపమున్నది.

అసలు జరుగుతున్నదేమిటి?

మన గుండెకు పైన రెండు గదులు, క్రింద రెండు గదులు ఉంటాయి. పై గదులను కర్ణికలంటారు. అవి ఒక్కసారిగా ముడుచుకొని రక్తాన్ని క్రింది గదులలోనికి నెట్టాలి. ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అనే వ్యాధిలో ఈ కర్ణికలు ముడుచుకోవడం మాని, నిమిషానికి మూడు వందల సార్లకు పైగా గాలికి ఊగే రావి ఆకుల్లా వణుకుతాయి. నాడి పట్టి చూస్తే ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ పొంతన ఉండదు.

మన ప్రాచీనులు ఈ లక్షణాన్ని గమనించకపోలేదు. చరక సంహిత సూత్రస్థానం ఎనభై వాతవికారాలను పేర్కొంటూ వాటిలో ‘హృద్ద్రవము’ను, అనగా గుండె దడను చేర్చింది. శార్ఙ్గధర సంహిత ఆగి ఆగి నడిచే నాడిని ప్రాణాపాయ సూచనగా చెప్పింది. నాడి తప్పడాన్ని తేలికగా తీసుకోరాదని మన వైద్యం ఏనాడో హెచ్చరించిందన్న మాట.

అయితే దడ కంటే పెద్ద అపాయం మరొకటున్నది. వణికే గదిలో రక్తం సాఫీగా సాగదు. ముఖ్యంగా ఎడమ కర్ణికకు జేబు వలె అంటుకొని ఉండే చిన్న సంచిలో అది నిలిచిపోతుంది. నిలిచిన రక్తం పేరుకుంటుంది, గడ్డ కడుతుంది. ఆ గడ్డలో ఒక ముక్క ఊడి ప్రవాహంలో పడితే తరచుగా మెదడుకే చేరుతుంది. అక్కడి సన్నని నాళంలో ఇరుక్కున్నప్పుడు వచ్చేదే పక్షవాతం.

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణ ప్రజలను 1948 నుండి పరిశీలిస్తూ వస్తున్నారు. ఆ పరిశీలన ఆధారంగా 1978లో వెలువడిన లెక్క ప్రకారం, ఈ లయదోషం ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరుల కంటే సుమారు అయిదు రెట్లు అధికం. కీళ్లవాతపు జ్వరం వల్ల కవాటం చెడి ఉంటే అది పదిహేడు రెట్లు. మన దేశానికి ఈ రెండవ సంఖ్య మరింత ముఖ్యం. 2011–12లో దేశంలోని పలు ఆసుపత్రులలో 1,537 మంది లయదోష రోగుల వివరాలు సేకరించగా, దాదాపు సగం మందికి మూలకారణం కీళ్లవాతపు గుండెజబ్బేనని తేలింది. వారి సగటు వయస్సు ఏభై అయిదుకు లోపే. అంటే పాశ్చాత్య దేశాలలో వృద్ధులకు వచ్చే ఈ వ్యాధి మన వద్ద సంసార బాధ్యతలు తీరని వయస్సులోనే పట్టుకుంటున్నది.

పలచన కాదు, పేరుకోకుండుట

ఇప్పుడు మొదటి అభిప్రాయానికి వద్దాము. ‘రక్తం పలచన’ అనే మాట వినగానే మన ఇళ్లలో ఏమి స్ఫురిస్తుంది? నీళ్లు కలిపిన పాలు, నీళ్ల మజ్జిగ, చారు. పలచన అంటే సారం పోవడం. రక్తం తక్కువగా ఉన్నదని ఇనుము మాత్రలు, బెల్లం, ఖర్జూరాలు తినమన్న నోటితోనే రక్తాన్ని పలచన చేయమంటే ఇల్లాలికి అనుమానం రాదా? పలచన అనే మాటకు చులకన అనే అర్థం కూడా మన భాషలో ఉండనే ఉన్నది. ఆ పేరుతో వచ్చిన మందుకు గౌరవం ఎలా దక్కుతుంది?

నిజానికి ఆ మాత్ర రక్తాన్ని పలచన చేయదు. రక్తంలోని ఎర్రకణాలు తగ్గవు, నీరు పెరగదు. మన వంటింటి ఉపమానమే చెబుతాను. గోరువెచ్చని పాలలో తోడు వేసి కదల్చకుండా ఉంచితే పెరుగు తోడుకుంటుంది. పాలలో నీళ్లు పోయడం ఒక పని, పాలు తోడుకోకుండా చూడడం మరొక పని. ఈ మాత్ర చేసేది రెండవ పని. రక్తం గడ్డ కట్టడానికి తోడు వంటి కొన్ని పదార్థాలను మన కాలేయం కె విటమిన్ సాయంతో తయారు చేస్తుంది. వార్ఫరిన్, అసినోకుమరాల్ వంటి మందులు ఆ తయారీని మందగింపజేస్తాయి. పాలు పాలుగానే ఉంటాయి, తోడు మాత్రం తగ్గుతుంది.

అందుచేత ‘రక్తం పలచన చేసే మందు’ అనే పేరును మనం విడిచిపెట్టాలని నా అభిప్రాయం. ‘రక్తం గడ్డ కట్టనివ్వని మందు’ అందాము. పలకడానికి ఒక మాట ఎక్కువైతే ఎక్కువైంది. ఏ మాట వింటే రోగికి మందు చేసే మేలు కళ్ల ముందు కనబడుతుందో ఆ మాటే సరైన మాట.

దడ లేకపోతే జబ్బు లేనట్లా?

రెండవ అభిప్రాయం మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది తర్కానికి నిలబడినట్లే కనిపిస్తుంది. తలనొప్పి తగ్గితే మాత్ర ఆపుతాము గదా, దడ తగ్గితే ఎందుకు ఆపరాదు? ఇక్కడ పాఠకులు ఒక భేదాన్ని గమనించాలి. గుండె వేగాన్ని అదుపు చేసే మాత్ర వేరు, గడ్డ కట్టనివ్వని మాత్ర వేరు. దడ తగ్గించింది మొదటిది. రెండవది దడ కోసం ఇచ్చినది కానే కాదు, మెదడును కాపాడడానికి ఇచ్చినది. అది పనిచేస్తున్నట్లు మనకు ఏ సూచనా తెలియదు. రాని పక్షవాతం కంటికి కనబడదు గదా!

2002లో వెలువడిన ‘అఫర్మ్’ అనే పెద్ద అధ్యయనంలో 4,060 మంది రోగులను పరిశీలించారు. కొందరికి లయను సరిచేసే మందులు, కొందరికి వేగాన్ని మాత్రమే తగ్గించే మందులు ఇచ్చారు. రెండు వర్గాలలోనూ పక్షవాతం వచ్చినవారిలో అధికులు గడ్డ కట్టనివ్వని మందు మానినవారో, మందు మోతాదు చాలనివారో అయి ఉన్నారు. లయ కుదుటపడినట్లు తోచినా రక్షణ అవసరం తీరిపోదని దీని సారాంశం. మానుకోట పెద్దమనిషికి నేను చెప్పినది ఒక్కటే: “దొంగ రావడం లేదని తలుపు గడియ తీసేస్తామా?” ఆయన ఆలోచనలో పడ్డాడు. తిరిగి వైద్యుని వద్దకు వెళ్లాడు.

విషమా? ఔషధమా?

ఇక మూడవ అభిప్రాయం. వార్ఫరిన్ ఎలుకల మందుగా వాడబడిన మాట వాస్తవమే. దాని కథ రైతుల ఇంటి కథ. 1920ల నాట ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం తిన్న పశువులు నెత్తురు ఆగక చనిపోయేవి. 1933లో ఒక రైతు గడ్డ కట్టని రక్తాన్ని డబ్బాలో పోసుకొని మంచులో ప్రయాణం చేసి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రజ్ఞుని వద్దకు చేరాడు. కొన్నేళ్ల పరిశోధన తర్వాత ఆ గడ్డిలోని పదార్థం ఏమిటో తేలింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల ఔషధంగా వచ్చింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దానిని వాడారు.

ఈ కథ ఆయుర్వేదాభిమానులను భయపెట్టవలసినది కాదు. వసనాభి వంటి విషద్రవ్యాన్ని శుద్ధి చేసి, మోతాదు కట్టి, ఔషధంగా వాడిన సంప్రదాయం మనది. యుక్తితో వాడితే విషమూ మందవుతుందని, యుక్తి తప్పితే మందూ విషమవుతుందని బోధించిన చరకుని వారసులము మనము. గడ్డి నుండి పుట్టిన ఈ మందుకూ అదే ధర్మం వర్తిస్తుంది.

మద్దిచెక్క విషయం కొంచెం నిర్మొహమాటంగా చెప్పాలి. తెల్లమద్ది గుండెకు బలమిస్తుందని మన గ్రంథాలు చెప్పాయి. భూపాలపల్లి ప్రాంతపు వాగుల ఒడ్డున ఆ చెట్లు పెరుగుతాయి కూడా. నాకు ఆ చెట్టు మీద భక్తి ఉన్నది. కాని కర్ణికలో రక్తం గడ్డ కట్టకుండా అది ఆపగలదని ఋజువు లేదు. గుండెకు మంచిది అనే మాటకూ, ఈ గడ్డను ఆపుతుంది అనే మాటకూ మధ్య ఎంత దూరమున్నదో మనమే పాఠకులకు చెప్పాలి. గృహవైద్యం పేజీలలో ‘గుండె జబ్బులకు మద్దిచెక్క కషాయం’ అని ఒక్క వాక్యం రాసి వదిలితే, చదివిన వారిలో ఒకరు తమ మాత్రల డబ్బా మూసిపెట్టవచ్చు. ఇది మనపై మనమే వేసుకోవలసిన ప్రశ్న.

భయం నిరాధారం కాదు

ఇంతమాత్రాన ఈ మందు నిరపాయకరమని నేను అనడం లేదు. అనుభవజ్ఞులైన గృహిణుల భయంలో నిజమున్నది. గడ్డ కట్టకుండా ఆపే మందు, అవసరమైన చోట కూడా రక్తాన్ని ఆగనివ్వకపోవచ్చు. అందుకే వార్ఫరిన్, అసినోకుమరాల్ వాడేవారు ‘ఐ.ఎన్.ఆర్.’ అనే రక్తపరీక్ష క్రమం తప్పక చేయించుకోవాలి. లయదోషం ఉన్నవారికి ఆ సంఖ్య సాధారణంగా 2కు, 3కు మధ్య ఉండాలి. కృత్రిమ కవాటం అమర్చినవారికి వైద్యులు వేరే హద్దు చెబుతారు. సంఖ్య తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావ భయం. చిగుళ్ల నుండి ఆగని నెత్తురు, నల్లని విరేచనం, ఎర్రని మూత్రం, తలకు దెబ్బ తగలడం – వీటిలో ఏది జరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మన ఇళ్లలో జరిగే కొన్ని పొరపాట్లను ప్రత్యేకంగా ప్రస్తావిస్తాను.

ఒకటి, సూది మందు. జ్వరమన్నా, నడుము నొప్పి అన్నా వీధి చివరి ఆర్.ఎం.పి. వద్ద తుంటికి సూది వేయించుకోవడం మన ప్రాంతపు అలవాటు. ఈ మాత్ర వాడేవారికి కండలో సూది గుచ్చితే లోలోపల నెత్తురు చేరి గడ్డలా వాయవచ్చు.

రెండు, నొప్పి మాత్రలు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి దీనితో కలిస్తే కడుపులో రక్తస్రావానికి దారితీయగలవు. మెట్రోనిడజోల్ వంటి కొన్ని సూక్ష్మజీవి నాశక మందులు కూడా ఐ.ఎన్.ఆర్.ను అమాంతం పెంచుతాయి.

మూడు, ఆకుకూరలు. పాలకూర, తోటకూర, మునగాకులలో కె విటమిన్ అధికం. అందుచేత వాటిని పూర్తిగా మానాలని కొందరు చెబుతారు. అది సరికాదు. మానవలసిన పని లేదు, మోతాదు మార్చకుండా ఉంటే చాలు. శ్రావణమాసంలో రోజూ ఆకుకూర తిని, వేసవిలో అసలే మానితే పరీక్షలో సంఖ్య ఊగిసలాడుతుంది.

నాలుగు, మన కషాయాలు, చూర్ణాలు. కూరలో వేసే వెల్లుల్లి, పసుపు, అల్లంతో చిక్కు లేదు. వాటినే గాఢమైన గుళికలుగా, రసాలుగా రోజూ సేవిస్తే రక్తస్రావపు అపాయం పెరగవచ్చు. వైద్యునికి చూర్ణం సంగతి, ఆయుర్వేద వైద్యునికి మాత్ర సంగతి దాచకుండా చెప్పాలి. ఇద్దరి మధ్య రహస్యాలు ఉంటే నష్టపోయేది రోగి ఒక్కరే.

అయిదు, గర్భధారణ. కీళ్లవాతపు గుండెజబ్బు ఉన్న యువతులకు ఇది ప్రాణప్రదమైన విషయం. వార్ఫరిన్ వంటి మందులు తొలి నెలలలో గర్భస్థ శిశువుకు హాని చేయగలవు. మాత్రను సొంతంగా ఆపితే తల్లికి అపాయం. కనుక సంతానం కోరుకునే ముందే వైద్యుని సంప్రదించాలి.

కొత్త మాత్రల సంగతి

ఇటీవల డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ అనే కొత్త మందులు మన మందుల దుకాణాలలో విరివిగా దొరుకుతున్నాయి. వీటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేదు, ఆకుకూరల లెక్క అక్కరలేదు. మూత్రపిండాల పనితీరు మాత్రం చూపించుకుంటూ ఉండాలి. భూపాలపల్లి వంటి చోట నుండి పరీక్ష కోసం బస్సెక్కి హనుమకొండకు పోవలసిన వారికి ఇది గొప్ప సౌకర్యమే. అయితే పొరుగువారు వాడుతున్నారని మనమూ మారిపోరాదు. 24 దేశాలలో కీళ్లవాతపు గుండెజబ్బు, లయదోషం కలిసి ఉన్న సుమారు 4,500 మందిపై జరిగిన ‘ఇన్‌విక్టస్’ అధ్యయనం 2022లో వెలువడింది. అందులో కొత్త మందైన రివరాక్సబాన్ కంటే పాత మందు వాడినవారిలోనే మరణాలు తక్కువగా నమోదయ్యాయి. అంటే మా అక్కయ్య వంటివారికి ఆ పాత గడ్డి మందే నేటికీ మేలైనది. ఎవరికి ఏది తగునో నిర్ణయించవలసినది గుండె వైద్యులే.

చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

మహబూబాబాద్‌లో 2022లో, జనగామలోనూ భూపాలపల్లిలోనూ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఒకనాడు పెద్ద జబ్బంటే వరంగల్లు ఎం.జి.ఎం.కో, హైదరాబాదుకో పరుగెత్తిన ఈ ప్రాంతాలకు ఇది శుభపరిణామం. అక్కడ చదివే భావి వైద్యులకు నా విన్నపం ఒక్కటే. మందు రాసిన తర్వాత మరో రెండు నిమిషాలు వెచ్చించి, అది దేనికో తెలుగులో చెప్పండి. చెప్పిన తర్వాత, “ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఈ మాత్ర ఎందుకు?” అని రోగినే అడగండి. “రక్తం పల్సగ కానీకి” అని జవాబు వస్తే మీరు చెప్పవలసినది ఇంకా మిగిలి ఉన్నదని తెలుసుకోండి.

కుటుంబ సభ్యులకూ ఒక మాట. భూమి పాసు పుస్తకాన్ని ఎంత భద్రంగా దాచుకుంటామో అంత భద్రంగా ఒక చిన్న పుస్తకం ఉంచండి. అందులో మాత్ర పేరు, మోతాదు, ఐ.ఎన్.ఆర్. సంఖ్య, తేదీ రాయండి. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, పన్ను తీయించుకోవడానికి వెళ్లినా ముందుగా ఆ పుస్తకం చూపండి. ఒక పూట మాత్ర మరచిపోతే మరునాడు రెండు కలిపి వేసుకోవద్దు. ఎప్పుడైనా మూతి వంకర పోయినా, చేయి పట్టు తప్పినా, మాట తడబడినా పసరు వైద్యానికో, చెవిలో చుక్కలకో కాలం వృథా చేయక వెంటనే పెద్దాసుపత్రికి చేరండి. గడ్డను కరిగించే సూది మందు పనిచేసేది తొలి నాలుగున్నర గంటలలోనే. మాత్ర వాడుతున్న సంగతి అక్కడ తప్పక చెప్పండి.

అన్నింటికంటే ముఖ్యంగా, ఇంట్లో పెద్దవారు మందు మీద అనుమానం వెలిబుచ్చినప్పుడు నవ్వి ఊరుకోకండి. ఆ అనుమానం వెనుక వారి బుద్ధి పనిచేస్తున్నది. దానికి జవాబు బాకీ పడి ఉన్నామని గుర్తించండి.

మా అక్కయ్య ఇప్పుడు గోడ పట్టుకొని నాలుగడుగులు వేస్తున్నది. మాటలు పూర్తిగా రాలేదు. రోజూ రాత్రి భోజనం కాగానే కోడలు మాత్ర చేతిలో పెడుతుంది. “దేనికత్తమ్మా ఇది?” అని అడుగుతుంది. అక్కయ్య ఎడమచేతిని తల మీద పెట్టుకొని చూపుతుంది. గుండె మీద కాదు, తల మీద. ఆ ఒక్క సైగలో ఉన్న సంగతిని మేము మూడు నెలల ముందు చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది!